ఒత్తులక్క పట్టిన తప్పు

ఆవిడ మా ఆఫీసుకి మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కళ్ళద్దాల షాపు పైన, రెండో అంతస్తులో రెండు గదులు మావి. మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి ఆయాసం తీర్చుకుని, చేతిసంచిలోంచి పత్రిక ముక్క ఒకటి తీసి ఇంకోసారి చదువుకుని, "ఎడిటర్ గారు ఎక్కడ కూర్చుంటారు బాబూ?" అని అడిగింది.

నేను నా బల్ల మీది కంప్యూటర్ చూపించాను. "ఇదిగో, ఇందులోనే."

మేం వేసిన ప్రకటనలో 'కొత్త ఎడిటర్‌ను పరీక్షించడానికి అక్షరదోషాలు పట్టగలవారు కావలెను' అని ఉంది. ఎడిటర్ అంటే మేం తయారుచేస్తున్న ప్రోగ్రామ్. మన లిపిలో ఉత్తరాలు, వ్యాసాలు, పుస్తకాలు రాసుకోవడానికి పనికొచ్చేది. ఆ సంగతి చెప్పగానే ఆవిడ పకపకా నవ్వేసింది.

"అదా సంగతి! ఆయన మీద అంత అనుమానం ఉంటే మాన్పించెయ్యొచ్చుగా, పరీక్షలు పెట్టడం దేనికీ అని దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను."

అప్పటికి ఆవిడకి నలభై నాలుగేళ్ళు. పద్దెనిమిదేళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. సీసం అక్షరాల కాలం పోయి ఆ అచ్చాఫీసు మూతపడింది. కంప్యూటర్ తాకడం అదే మొదలు. మా యజమాని ఆవిడ చేతికి ఒక పేజీ ఇచ్చి తప్పులు పట్టమన్నాడు. ఆయన కావాలని పెట్టిన తప్పులు పన్నెండు. ఆవిడ పద్నాలుగు పట్టింది. మిగతా రెండూ ఆయన సొంత తప్పులు. ఆయన తల గోక్కుని, "రేపట్నించి రండమ్మా" అన్నాడు.

ఆవిడకి ఒత్తులక్క అని పేరు పెట్టింది నేనే. స్క్రీన్ మీద ఒత్తులు సరిగ్గా పడుతున్నాయా లేదా అని రోజంతా కళ్ళలో ఒత్తులు వేసుకుని చూసేది మరి. ఆవిడకి కోపం రాలేదు. "మా ఆయన ఇంతకన్నా ఘోరమైన పేర్లు పెట్టాడులే" అంది. ఆ ఆయన బస్సు డ్రైవర్. పెళ్ళి కుదిరిన కొత్తల్లో ఆవిడకి నాలుగు పేజీల ప్రేమలేఖ రాశాడట. ఆవిడ ఎర్ర పెన్సిల్‌తో తప్పులన్నీ దిద్ది, చివర 'భావం బాగుంది' అని రాసి తిరుగు టపాలో పంపించింది. ఆయన ఆ ఉత్తరం పటం కట్టించుకున్నాడు. వాళ్ళింట్లో గోడకి నేను కళ్ళారా చూశాను.

ఆవిడ పట్టిన మొదటి తప్పు వచ్చిన వారంలోనే. ఆ పొద్దున్న నా బల్ల దగ్గరికొచ్చి, "తమ్ముడూ, తుడిస్తే అక్షరం పోవట్లేదు. చచ్చి దెయ్యమై అక్కడే కూర్చుంటోంది" అంది.

వెళ్ళి చూశాను. నిజమే. వెనక్కి తుడిచే మీట నొక్కితే 'మ' పోయి, దాని చోట ఏదో వికారమైన గుర్తు మిగిలింది. మూడుసార్లు నొక్కితే గాని చోటు శుభ్రపడలేదు.

"మూడుసార్లే ఎందుకు?" అంది ఆవిడ.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. కంప్యూటర్ లోపల అంతా చిన్న చిన్న గళ్ళు. ఒక్కో గడి ఒక బైటు. ఇంగ్లీషు అక్షరం ఒక్క గడిలో ఇమిడిపోతుంది. మనది ఇమడదు, మూడు గళ్ళు కావాలి. అక్షరానికి మూడు, పక్కన తగిలించే దీర్ఘానికి మూడు, పొల్లుకి మూడు. 'అమ్మ' అని రాస్తే అ, మ, పొల్లు, మళ్ళీ మ. మొత్తం పన్నెండు గళ్ళు. తుడిచేటప్పుడు మూడూ కలిపి తుడవాలి. మేం ఒక్కటే తుడిచాం. మిగిలిన రెండు గళ్ళ ముక్కే ఆ దెయ్యం.

ఆవిడ ఆసక్తిగా విని, "మా అచ్చాఫీసులోనూ అక్షరాలకి గళ్ళ పెట్టెలే ఉండేవి. అక్కడ అక్షరానికో గడి, ఇక్కడ గడికో అక్షరం ముక్కన్నమాట" అంది. తరవాత వేలు ఎత్తి హెచ్చరించింది. "చూడూ, బాగుచేస్తే చేశావు గాని, దీర్ఘం తప్పుపడితే దీర్ఘమే పోవాలి. అక్షరమంతా ఊడ్చిపెట్టెయ్యకు. ప్రూఫు దిద్దేవాళ్ళ ఉసురు తగులుతుంది."

అలాగే చేశాను. ఇప్పటికీ అదే సరైన పద్ధతని నా నమ్మకం.

ఆ రెండు గదుల్లో మేం నలుగురం. యజమాని, నేను, తెరమీది అక్షరాల బొమ్మలు గీసే ఒకాయన, ఒత్తులక్క. కిటికీలోంచి బస్సుల షెడ్డు కనిపించేది. వాళ్ళాయన బస్సు షెడ్డులోంచి బయటికొస్తూ రెండుసార్లు హారన్ కొట్టేవాడు. ఆవిడ తల ఎత్తకుండానే "ఆఁ, విన్నాలే" అనేది, అక్కడికేదో ఆయనకి వినపడుతున్నట్టు. వాన వస్తే డాబా మెట్ల మీదనుంచి నీళ్ళు లోపలికి జారేవి. అందరం కంప్యూటర్ తీగలు ఎత్తి కుర్చీల మీద పెట్టి, మేమూ కాళ్ళు పైకి ముడుచుకుని పని చేసేవాళ్ళం. ఇప్పుడు నాకు విడి గది ఉంది, చల్లగా ఉంటుంది. ఆ తడి కాళ్ళ హాయి మాత్రం ఇందులో లేదు.

ఎడిటర్ బయటికి విడుదల చేసి ఏడాది అయ్యుంటుంది. ఒకరోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ గొడుగు ఊతంగా మెట్లెక్కి వచ్చింది. ఊళ్ళో అందరికీ తెలిసిన నర్సమ్మ. ముప్పై ఎనిమిదేళ్ళు ప్రసవాల వార్డులో పని చేసి రిటైరైన మనిషి. చేతిలో కాగితాల కట్ట.

"మీ యంత్రానికి ఆకలెక్కువలా ఉంది నాయనా. నా పిల్లల పేర్లు కొరికేస్తోంది" అంది.

నా పిల్లలంటే ఆవిడ చేతుల మీదుగా పుట్టినవాళ్ళు. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఆ వేళ వాన పడిందా ఎండ కాసిందా, తండ్రి బయట ఏం చేస్తున్నాడు, ఏం పేరు పెట్టారు, అన్నీ నోటుపుస్తకాల్లో రాసుకునేదట. రిటైరయ్యాక అవన్నీ మా ఎడిటర్‌లో టైపు చేసుకుంటోంది, పుస్తకంగా వేసుకుందామని. ఆ కాగితాల నిండా అక్కడక్కడ ఒకే రకం దెబ్బ. బాగున్న మాట మధ్యలో ఒక దీర్ఘమో గుడో ఎగిరిపోయి, దాని చోట మూడు ప్రశ్న గుర్తులు.

"టైపు చేసినప్పుడు బాగానే ఉంటుంది. మర్నాడు తెరిస్తే ఇలా. సర్లెమ్మని దిద్దుతాను. మళ్ళీ తెరిస్తే ఇంకోచోట. దిద్దినకొద్దీ పాడవుతోంది."

"ఫాంటు సరిగ్గా ఎక్కలేదేమోనండీ" అన్నాను. అది మేం వచ్చినవాళ్ళందరికీ చెప్పి పంపించే మాట. మా పరీక్షలన్నిట్లోనూ ప్రోగ్రామ్ నిక్షేపంగా పనిచేసింది. తప్పు మాది కాదని నా ధీమా.

"పోనీ, నోటుపుస్తకాలు చూసి మళ్ళీ కొట్టుకోండమ్మా" అన్నాడు యజమాని.

నర్సమ్మ కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది. "అలమరలో చోటు చాలక, టైపు అయిన పుస్తకం అయినట్టే పాత కాగితాలవాడికి వేసేశాను. కంప్యూటర్లో భద్రంగా ఉంటుందని మీరేగా చెప్పారు" అంది.

ఆ మాట చెప్పింది నేనే. ఆవిడ ఇంటికెళ్ళి ఎడిటర్ ఎక్కించి, అరగంట కూర్చుని నేర్పించి మరీ చెప్పాను.

ఆవిడ వెళ్ళాక ఒత్తులక్క ఆ కాగితాలు పట్టుకుని కదలకుండా కూర్చుంది. తరవాత నన్ను పిలిచింది.

"ఎప్పుడూ మూడే ప్రశ్న గుర్తులు. గమనించావా?"

"ఊఁ."

"మూడు గళ్ళన్నావుగా ఆ రోజు."

"అన్నాను. అయితే?"

"అయితేనా? నువ్వు ఫాంటు ఫాంటు అంటున్నావు. ఫాంటు తప్పైతే పేజీ అంతా పోవాలి. ఇది ఎవరో కొలిచి కొరికినట్టుంది."

నేను నవ్వేశాను. యంత్రం కొలిచి కొరకడమేమిటని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ నాతో వాదన పెట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, అచ్చాఫీసు నాటి ప్రూఫుల్లోంచి పది పేజీలు ఏకబిగిన టైపు చేసింది. సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరిచింది. ఆరుచోట్ల మూడేసి ప్రశ్న గుర్తులు. ఆ పేజీలు ప్రింటు తీసుకుని కిటికీ పక్కన కూర్చుని లెక్కపెట్టడం మొదలెట్టింది. అక్షరానికి మూడు, గుణింతం గుర్తుకి మూడు, పొల్లుకి మూడు, ఖాళీకి ఒకటి, చుక్కకి ఒకటి, ఇంగ్లీషు అంకెకి ఒకటి. పెన్సిల్‌తో వందకో గీత. ఎవరు పలకరించినా చెయ్యి అడ్డంపెట్టేది. రెండు రోజులు అదే పని. రెండో రోజు వాళ్ళాయన హారన్ కొట్టినా "ఆఁ" అనలేదు. ఆయన కంగారుపడి, బస్సు షెడ్డులో పెట్టేశాక మెట్లెక్కి వచ్చి చూశాడు. లెక్క తప్పిపోతుందని ఆయనకీ చెయ్యి అడ్డంపెట్టింది. ఆయన నోరు మూసుకుని పక్కన కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు.

సాయంత్రం నా బల్ల మీద ఒక కాగితం పెట్టింది. మొదటి తప్పు నుంచి రెండోదానికి నాలుగువేల తొంభై ఆరు. రెండోదాని నుంచి మూడోదానికి నాలుగువేల తొంభై అయిదు. అక్కణ్ణించి నాలుగోదానికి ఎనిమిదివేల నూట తొంభై మూడు.

"ఒకటో అరో తేడా వస్తోంది. నా లెక్కలో పొరపాటు కావచ్చు. రేపు మళ్ళీ లెక్కపెడతాను" అంది, తనే తప్పు చేసినట్టు.

నాలుగువేల తొంభై ఆరు. అది నేను రాసిన అంకె. ఫైలు తెరిచేటప్పుడు మొత్తం ఒకేసారి మింగలేక, నాలుగువేల తొంభై ఆరు బైట్ల చొప్పున కట్టలు కట్టి లోపలికి తెచ్చేవాణ్ణి. ఇంగ్లీషులో అయితే ఏ ఇబ్బందీ లేదు. మన అక్షరం మూడు గళ్ళది. కట్ట చివర ఒక గడి ఇటు, రెండు గళ్ళు అటు పడితే, ఈ ముక్కకీ అర్థం లేదు, ఆ ముక్కకీ అర్థం లేదు. అర్థం కాని ప్రతి గడికీ ఒక ప్రశ్న గుర్తు పెట్టమని రాసిందీ నేనే. ఇటు ఒకటీ అటు రెండూ, కలిపి మూడు. కట్ట సరిగ్గా రెండు అక్షరాల మధ్య తెగితే ఏమీ కాదు, అందుకే కొన్నిచోట్ల దూరం రెట్టింపు. ఆవిడ లెక్కలో వచ్చిన ఆ ఒకటి తేడా కూడా తప్పు కాదు. ఒకచోట గడి ఒకటి ఇటు పడింది, ఇంకోచోట రెండు పడ్డాయి, అంతే. నర్సమ్మ పైన ఎక్కడో ఒక మాట దిద్దితే కింద ఉన్నవన్నీ జరిగి, కత్తెర కొత్త అక్షరం మీద పడేది. మా పరీక్ష ఫైళ్ళన్నీ అరపేజీవి. వాటికి ఒక్క కట్టే సరిపోయేది, కత్తెర అవసరమే రాలేదు.

"అక్కా, మళ్ళీ లెక్కపెట్టక్కర్లేదు" అన్నాను. "నీ లెక్క అక్షరాలా నిజం. తప్పు నాది."

ఆవిడ 'చెప్పానా' అనలేదు. "హమ్మయ్య. కళ్ళు లాగేస్తున్నాయి" అని వాళ్ళాయన వైపు తిరిగి, "ఎంతసేపైంది మీరొచ్చి?" అంది.

బాగుచెయ్యడానికి ఏడు లైన్లు చాలాయి. కట్ట చివర తెగిన ముక్క ఉంటే చేతిలో పట్టుకుని ఉండు, తరవాతి కట్ట రాగానే దాని ముందు అతికించు, అప్పుడు చదువు. అంతే. మర్నాడు మధ్యాహ్నానికి అయిపోయింది. యజమాని కొత్త ఎడిటర్‌ని అందరికీ పంపించాడు.

ప్రోగ్రామ్ బాగుపడింది గాని పోయిన అక్షరాలు తిరిగి రావుగా. నర్సమ్మ ఫైలులో నూట అరవై మూడు చోట్ల దెబ్బలున్నాయి. మామూలు మాటల్లో పోయినవి ఎవరైనా పూరించగలరు. పేర్లలో పోయినవి నలభై ఒకటి. పేరులో గుడో దీర్ఘమో ఊహించడం కుదరదు. చిన్న కొమ్ము మారితే మనిషే మారిపోతాడు.

ఒత్తులక్క రోజూ ఆఫీసు అయ్యాక నర్సమ్మ ఇంటికి వెళ్ళేది. నేనూ వెంట వెళ్ళేవాణ్ణి, మొహం చెల్లకపోయినా. ముందుగదిలో నీలం రంగు పరుపు వేసిన చెక్క బల్ల, దాని పక్కన కంప్యూటర్, దాని మీద దుమ్ము పడకుండా కుట్టిన పూల ముసుగు. ఒత్తులక్క ఒక్కో పేరు దగ్గర ఆగి చదివేది. నర్సమ్మ కళ్ళు మూసుకుని ఆలోచించేది.

"ఆ పిల్లా? దాని తండ్రి కుర్చీలోంచి పడిపోయాడు, ఆడపిల్లని చెప్పగానే, సంతోషంతో. ముగ్గురు మగపిల్లల తరవాత పుట్టిందిలే. దీర్ఘమే. పొడుగ్గా సాగదీసి పిలిచేవాడు, వార్డంతా వినపడేలా."

ఒక్కో దీర్ఘం వెనక ఒక్కో కథ. నాకు అప్పటిదాకా అది మూడు బైట్లు. నూట అరవై మూడు మూళ్ళు ఎంతని మొదట్లో మనసులోనే లెక్కేసుకున్నాను కూడా. ఆ గదిలో కూర్చున్న మూడు వారాల్లో ఆ అలవాటు పోయింది.

ముప్పై రెండు పేర్లు నర్సమ్మ జ్ఞాపకంలోంచే వచ్చాయి. తొమ్మిది రాలేదు. ఇక మేమిద్దరం కాలికి బలపం కట్టుకుని ఊరంతా తిరిగాం. ఒక దర్జీ షాపులో మిషన్ మీద కూర్చున్నావిణ్ణి పేరు అడిగి, "అందులో రెండో అక్షరానికి ఒత్తు ఉందాండీ?" అన్నాను.

ఆవిడ మిషన్ ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ఇన్నేళ్ళలో నన్నెవరూ ఇలా అడగలేదు. రేషను కార్డులో ఒత్తు ఉంది, బడి కాగితాల్లో లేదు. మా అమ్మ నోట్లో ఉండేది."

"అయితే ఉంది" అని రాసుకుంది ఒత్తులక్క.

ఏడుగురు దొరికారు. రెండు పేర్లు మిగిలిపోయాయి. ఒక కుటుంబం ఎటో వెళ్ళిపోయింది, ఇంకొకరి ఆచూకీ ఎవరికీ తెలియదు.

"గుడి పెట్టేద్దామక్కా. పదిలో తొమ్మిదిమందికి అలాగే ఉంటుంది" అన్నాను.

"ఆ పదో మనిషి వచ్చి చూసుకుంటే?"

"ఎవరొస్తారక్కా!"

"రాకపోనీ. మనకి తెలియంది తెలియనట్టే ఉండాలి తమ్ముడూ. ఖాళీ వదులు. నేను చచ్చినా ఊహించి పెట్టను." ఆ గొంతులో అంత కటువు నేను ముందెప్పుడూ వినలేదు.

అలా రెండు ఖాళీలతోనే పుస్తకం అచ్చయింది. మూడు వందల కాపీలు. నర్సమ్మ ముందుగదిలో ఒక ఆదివారం మధ్యాహ్నం కట్ట విప్పాం. ఎవరు ఎవరికి చెప్పారో గాని వాకిలి నిండా జనం. అందరూ ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే, కొందరికి జుట్టు కూడా నెరిసింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తమ పేజీ వెతుక్కుని, పేరు మీద వేలు పెట్టి నిలబడిపోయేవారు. ఒక లారీ మెకానిక్ తను పుట్టిన రోజు వడగళ్ళు పడ్డాయని చదివి పక్కవాళ్ళందరికీ చూపించాడు, తనే కురిపించినంత గొప్పగా. ఒకావిడ మాత్రం నర్సమ్మ చేతులు పట్టుకుని కూర్చుంది.

పొద్దువాలుతుండగా ఒక పొడుగాటి మనిషి పుస్తకం తెరిచి పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. "ఇక్కడ మా అన్నయ్య పేరులో ఖాళీ ఉందేమిటండీ?"

ఒత్తులక్క నిదానంగా చెప్పింది. "మాకు తెలియలేదు బాబూ. ఏముండాలి అక్కడ?"

"కొమ్ము. అందరూ గుడే పెడతారు. ఆ ఒక్క కొమ్ము కోసం వాడు జీవితమంతా మేష్టర్లతో గొడవపడ్డాడు." ఆయన గొంతు తగ్గించాడు. "పోయి నాలుగేళ్ళయింది."

ఒత్తులక్క కలం ఇచ్చింది. ఆయన ఆ ఖాళీలో జాగ్రత్తగా కొమ్ము రాశాడు. నేను అవతలికి వెళ్ళి, మిగిలిన కాపీల్లో అదే పేజీ తీసి ఒక్కోటీ దిద్దుతూ కూర్చున్నాను. రెండో ఖాళీ అడిగినవాళ్ళు లేరు. అది అలాగే ఉండిపోయింది.

తరవాత రెండేళ్ళకి మా ఆఫీసు మూసేశారు. పెద్ద కంపెనీలు తమ ప్రోగ్రాముల్లోనే మన అక్షరాలు పెట్టాక, మా ఎడిటర్ ఎవరిక్కావాలి? చివరి రోజు తీగలు చుట్టి పెట్టెల్లో పెడుతుంటే ఒత్తులక్క ఎడిటర్ తప్పులు రాసి గోడకి వేళ్ళాడదీసిన జాబితా తీసి మడిచి సంచిలో పెట్టుకుంది. ఎందుకక్కా అంటే, "పట్టినవి నేను, నావే" అంది. వాళ్ళాయన రిటైరయ్యాక వాళ్ళు కూతురు ఉన్న ఊరికి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు ఇంట్లోనే పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దిందని విన్నాను. నేను ఉద్యోగాలు మారాను, ఊళ్ళు మారాను. ఇరవై ఏళ్ళ పైమాటే.

మొన్నామధ్య తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"తమ్ముడూ, గుర్తుపట్టావా?"

"గొంతు మారలేదక్కా."

"కంటికి ఆపరేషను అయింది. మా అమ్మాయి కొత్త ఫోను కొనిచ్చింది. పొద్దుట్నించీ ఇందులో రాసి చూస్తున్నాను. క్షౌరం రాశాను, ఉచ్ఛ్వాసం రాశాను, దీర్ఘాలు ఒత్తులు అన్నీ పెట్టి తుడిచాను. ఒక్కటి కూడా చెడలేదు. దీర్ఘం తుడిస్తే దీర్ఘమే పోతోంది. ఇందులో నీ చెయ్యి ఏమైనా ఉందా?"

"లేదక్కా. ఎవరో ఎక్కడో కూర్చుని చేసుంటారు. మనలాగే, ఏదో రెండు గదుల్లో."

వెనకాల వాళ్ళాయన దగ్గు, గిన్నెల చప్పుడు వినిపించాయి.

"ఎవరైతేనేం, చల్లగా ఉండాలి" అంది ఒత్తులక్క. "వాళ్ళ దగ్గరా ఒకావిడ కూర్చుని లెక్కపెట్టి ఉంటుందంటావా?"

"ఉండే ఉంటుందక్కా" అన్నాను. "లేకపోతే ఇంత బాగా ఎలా వస్తుంది?"